నడుం బిగించే సైగ

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే కష్టమని అందరూ అనేవారు గానీ, దొరికిన ఉద్యోగం ఏమిటో అర్థం కావడం అంతకంటే కష్టమని ఒక్కరూ చెప్పలేదు. మరీ పాత రోజులేమీ కావు లెండి. చేతిలో ఫోను ఉంది, ఫోనులో ఇంటర్నెట్టు ఉంది, ఏ సందేహం వచ్చినా అందులో వెతుక్కునే చురుకుదనమూ ఉంది. లేనిదల్లా ఎదురుగా ఉన్న మనిషిని అడిగే అలవాటు. హైదరాబాదులో చిత్రకళలో పీజీ చేసి, వనపర్తిలో అప్పుడే తెరిచిన ఒక చిన్న చిత్రకళా కళాశాలలో డ్రాయింగ్ చెప్పడానికి చేరాను. మాది గద్వాల. అక్కడ మా మామూకి టైలర్ దుకాణం. మేనల్లుడు లెక్చరర్ అయ్యాడన్న సంబరంలో ఆయన నాకు కొత్త ప్యాంట్లు కుట్టాడు, అన్నీ నడుం దగ్గర వదులుగా. కాస్త బిగించమంటే ససేమిరా అన్నాడు. "నౌకరీ వచ్చింది బేటా, ఇగ లావైతవు. అప్పుడు నన్నే యాది చేసుకుంటవు" అన్నాడు. (బెల్టు పెట్టుకోవచ్చు కదా అని మీరనొచ్చు. పెట్టుకున్నాను. బెల్టు నడుం మీద బుద్ధిగా కూర్చునేది, ప్యాంటు మాత్రం దాని కిందనుంచి తన దారిన తాను పోయేది.) నేను లావు కాలేదు. మామూ మాట నిజం కాకపోవడం వల్ల నాకు రెండు చేతులతో ప్యాంటును పైకి లాక్కునే అలవాటొకటి పట్టుకుంది. ఆ అలవాటున్నట్టు నాకు తెలియదు. అలవాట్ల సంగతే అంత, మనది మనకు తప్ప ఊరందరికీ తెలుస్తుంది.

కళాశాల అంటే పెద్ద భవంతిని ఊహించుకోకండి. మూతపడ్డ ఒక ప్రైవేటు బడికి సున్నం వేసి, బోర్డు మార్చి, మా చేతికిచ్చారు. ప్రిన్సిపాల్‌ను అందరూ పెద్దసారు అనేవారు. మనసు మంచిదే, కాకపోతే పైనుంచి కాగితం వచ్చిందంటే మనిషి హడలిపోయేవాడు. నేను చేరిన రోజే నన్ను పక్కకు తీసుకుపోయి ఒక సంగతి చెప్పాడు. నా క్లాసులో ఒకమ్మాయి ఉంది, ఆమెకు వినపడదు, మాటలు రావు. ఆమె వేసిన బొమ్మలు చూసి మురిసిపోయి తాను సీటిచ్చేశాడు. కానీ కమిటీ వాళ్లు వచ్చి చూసి, ఈ అమ్మాయి ఇక్కడ అందరితో పాటు చదువుకోగలుగుతోంది అని ఒప్పుకుంటేనే ఆ సీటు నిలుస్తుంది, లేకపోతే ఇంటికి పంపించాల్సిందే. అంతా చెప్పి, "ఇగ నీ చేతుల ఉంది" అన్నాడు. నా చేతులు అప్పటికి ఏ పని మీద ఉన్నాయో మీకిప్పటికే అర్థమై ఉంటుంది.

ఆ అమ్మాయి గోపాల్‌పేట నుంచి షేర్ ఆటోలో వచ్చేది, కాబట్టి మాకు ఆమె గోపాల్‌పేట పిల్ల. ఒక్కతే వచ్చేది కాదు, వెంట వాళ్ల అవ్వ కూడా వచ్చేది. అమ్మానాన్నలు పొద్దున లేస్తే చేనికి పోయేవారట, పిల్ల చిన్నప్పటినుంచీ అవ్వ దగ్గరే పెరిగింది. ఆకలికి ఒకటి, ఎండకు ఒకటి, మేనత్తకు ఒకటి, మేనత్త మీద కోపానికి ఇంకొకటి, ఇలా వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి సైగలు కల్పించుకుంటూ పోయారు. ఆ ఇంట్లో ఆ పిల్లతో పూర్తిగా మాట్లాడగలిగింది అవ్వ ఒక్కతే. అందుకని అవ్వ క్లాసులో పిల్ల పక్కన కూర్చుని, నేను చెప్పింది చేతులతో చెప్పేది. మొదటి రోజు క్లాసు అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "దీన్ని ఎల్లగొట్టకు సారూ. ఇది యాడ కూసున్నా పరేషాన్‌గనే ఉంటది. బొమ్మ గీసేటప్పుడే జర నిమ్మళంగ ఉంటది" అంది. ఏమీ భయపడొద్దని, అంతా నేను చూసుకుంటానని ధైర్యం చెప్పాను. ఏం చూసుకోవాలో, ఎలా చూసుకోవాలో మాత్రం నాకు ఓనమాలు కూడా తెలియవు.

అవ్వ అనువాదం గురించి కొంచెం చెప్పాలి. నేను వెలుగునీడల గురించి హైదరాబాదులో నేర్చుకున్నదంతా కలిపి చాలాసేపు దంచేవాణ్ణి. కాంతి ఏ దిక్కునుంచి పడుతోంది, వస్తువు ఆకారం దానివల్ల ఎలా తేలుతుంది, గుండ్రటి వాటి మీద నీడ ఎలా మెల్లగా చిక్కబడుతుంది. అవ్వ అంతా విని, చెయ్యి ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊపి ఊరుకునేది. నాకు అనుమానం వచ్చి ఏం చెప్పావని అడిగితే, ఎండ ఎటుంటే నీడ దాని ఎదురుదిక్కుకు ఉంటదని చెప్పిన, గంతే గద, అనేది. నిజమే, అంతే. అదే ఒకనాడు క్లాసులో ఎవరూ బొమ్మలు పూర్తి చేయలేదని నాకు చిర్రెత్తి, రెండంటే రెండు మాటలు కోప్పడ్డాను. దానికి అవ్వ చేతులు తిప్పుతూ చాలాసేపు ఏదో వివరించింది. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది. ఏమిటా అని ఆరా తీస్తే, సారు పొద్దుగాల ఏం తినకుంట వచ్చినట్టుంది, గందుకే గిట్ల చేస్తుండు, అని చెప్పిందట. నేను ఆ రోజు నిజంగానే ఏమీ తినలేదు. కోపం ఎటు పోయిందో తెలియదు గానీ, మధ్యాహ్నం అవ్వ తన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టింది.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. నేను రోజూ క్లాసులోకి అడుగు పెట్టగానే అవ్వ పిల్లను తట్టి, రెండు చేతులూ నడుముకు ఇటూ అటూ ఆనించి పైకి ఒక్క గుంజు గుంజే సైగ చేసేది. అది చూడగానే పిల్ల నిటారుగా కూర్చుని, కాగితం సర్దుకుని, పెన్సిలు చేతిలోకి తీసుకునేది. చదువుకున్నవాణ్ణి, అందులో తెలుగు బాగా వచ్చినవాణ్ణి, నాకు అర్థం కావడానికి ఎంతసేపు? చేతులు నడుం మీద పెట్టి పైకి లాగడమంటే నడుం బిగించడమే కదా! పనికి పూనుకో, సిద్ధంగా ఉండు, అని. ఒక నుడికారం ఇంత చక్కగా సైగలోకి దిగిందే అని నేను మురిసిపోయాను. దాని గురించి ఒక వ్యాసం రాయాలని కూడా అనుకున్నాను. (అదృష్టం బాగుండి రాయలేదు.) ఆ మరునాటినుంచి క్లాసు మొదలుపెట్టేటప్పుడు నేనే పిల్లలందరి ముందూ నిలబడి, రెండు చేతులూ నడుం మీద ఆనించి గట్టిగా పైకి గుంజి, ఊ, కానివ్వండి, అన్నట్టు తలూపేవాణ్ణి. క్లాసంతా కళ్లలో మెరుపుతో నా వైపు చూసేది. కొందరు నోటికి చున్నీలు, రుమాళ్లు అడ్డం పెట్టుకునేవారు. పని మీద ఇంత ఉత్సాహం నేను హైదరాబాదులో కూడా చూడలేదని పెద్దసారుతో చెప్పాను. ఆయన కూడా సంతోషించాడు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అవ్వ మీద ఎంతకాలం ఆధారపడతామని, గదిలో కూర్చుని ఫోనులో వీడియోలు పెట్టుకుని సైగల భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. అద్దం ముందు సాధన చేసి, ఒక సోమవారం పొద్దున గోపాల్‌పేట పిల్ల ముందు నిలబడి ఆ విద్యంతా ప్రదర్శించాను. పిల్ల కళ్లు పెద్దవి చేసి చూసింది. అవ్వ వైపు చూసింది. అవ్వ నా చేతుల వైపు చూసి, నరం గిట్ల పట్టిందా సారూ, నూనె రాసి గుంజమంటవా, అని మెల్లగా అడిగింది. ఆ వీడియోలు ఎక్కడో వేరే దేశం వాళ్లవని, సైగలు కూడా దేశానికో తీరుగా ఉంటాయని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి మాత్రం నేను చేతులెత్తేశాను, అదొక్కటే ఆ పిల్లకు అర్థమైన సైగ. నాకొచ్చిన ఒకే ఒక్క సరైన సైగ నడుం బిగించడమే కాబట్టి, దాన్నే ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఇంతలో కమిటీ వస్తోందని కాగితం వచ్చింది. అందులో సమ్మిళిత, వినూత్న బోధనా పద్ధతులు పరిశీలిస్తారని ఉంది. పెద్దసారు దాన్ని గబగబా చదివి, సమ్మిళితాన్ని సమ్మేళనం అనుకుని, ముందు షామియానాకు చెప్పి పంపించాడు. కుర్చీలు ఎన్ని కావాలి, పాత విద్యార్థులను ఎక్కడినుంచి తేవాలి (కళాశాల పెట్టి ఏడాది కూడా కాలేదు, పాత విద్యార్థులెవరు?) అని తెగ మథనపడుతున్నాడు. నేను వెళ్లి, అది సమ్మేళనం కాదు సర్, సమ్మిళితం, అంటే ఎవరినీ వదిలిపెట్టకుండా అందరినీ కలుపుకుని చెప్పడం, అని వివరించాను. ఆయన అర్థమైనట్టు తలూపి, అందరినీ కలుపుడే గద, మరి షామియానా ఉండనీ, అన్నాడు. అన్నాక ఇంకో మాట కూడా అన్నాడు. కమిటీ వచ్చినప్పుడు అవ్వ లోపల కనబడకూడదు, రిజిస్టరులో పేరు లేని మనిషి క్లాసులో ఉంటే మొదటికే మోసం వస్తుందని. ఎవరినీ వదిలిపెట్టకూడదని ఇప్పుడే కదా చెప్పుకున్నాం అని నాకు లోపల తోచింది గానీ, ఆయన ముఖంలో భయం చూసి నీళ్లు నమిలాను. అవ్వకు ఆ సంగతి చెప్పాల్సింది కూడా నేనే. ఆమె "నువ్వున్నవ్ గద సారూ" అంది.

కమిటీలో పెద్దగా మాట్లాడింది ఒక మేడమే, తక్కినవాళ్లు ఆమె నవ్వితే నవ్వారు, రాస్తే రాశారు. బయట షామియానా కింద ఖాళీ కుర్చీలు చూసి ఏదైనా పెళ్లా అని అడుగుతూ ఆమె లోపలికి వచ్చింది. అవ్వ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను క్లాసు ముందు నిలబడ్డాను. గోపాల్‌పేట పిల్ల నా కళ్లలోకి చూస్తోంది. రెండు చేతులూ నడుం మీద పెట్టి, ఎప్పటికంటే గట్టిగా పైకి గుంజాను. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మళ్లీ గుంజాను. ఆ సైగకు అర్థమేమిటని మేడమ్ అడిగింది. నేను ఆ ఒక్క ప్రశ్న కోసమే పుట్టినట్టు, ఇది ఈ ప్రాంతపు నుడికారంలోంచి సహజంగా పుట్టిన సైగ మేడమ్, నడుం బిగించడమంటే పనికి పూనుకోవడం కదా, అంటూ మొదలుపెట్టి చాలా దూరం పోయాను. మేడమ్‌కు భలే నచ్చింది. స్వయంగా ఆ పిల్ల ముందుకు వెళ్లి, చీర కుచ్చిళ్ల మీద చేతులు పెట్టి, నేను చేసినట్టే పైకి ఒక్క గుంజు గుంజింది.

పిల్ల తల అడ్డంగా ఊపి, వేలితో నన్ను చూపించింది. మేడమ్‌కు అర్థం కాలేదు. మళ్లీ చేసింది. పిల్ల మళ్లీ నన్నే చూపించింది, ఈసారి కొంచెం విసుగ్గా. ఈమెకు పని మొదలుపెట్టాలని లేదా, మాస్టారే మొదలుపెట్టాలంటోందా, అని మేడమ్ నన్ను అడిగింది. నాకేం తెలుసు? పెద్దసారుకు అంతకంటే తెలియదు. పిల్ల సీటు పోయినట్టేనని నాకు అనిపించింది. చివరికి పెద్దసారే, తాను పెట్టిన నియమాన్ని తానే మరిచిపోయి, అవ్వను లోపలికి రమ్మని కేకేశాడు.

అవ్వ వచ్చి నిలబడింది. ఆ సైగ అర్థం చెప్పమంటే చెప్పదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వద్దు తల్లీ, సారు నారాజ్ అయితడు" అంది. మేడమ్ బతిమాలింది. నేను కూడా ధీమాగా, చెప్పు అవ్వా, నడుం బిగించమనే కదా, అన్నాను.

"కాదు సారూ. అది నీ పేరు."

అవ్వ ఇక దాచి లాభం లేదనుకుని, మనుషుల పేర్లు దానికి వినపడవు కదా తల్లీ, అందుకే ఎవరెట్ల కనపడితే అట్ల పేరు పెట్టుకున్నం, ఈ సారు మాటిమాటికి లాగు గుంజుకుంటడు కాబట్టి గట్ల పెట్టినం, అని వివరంగా చెప్పింది. రోజూ నేను రాగానే ఆ సైగ చేసేది, సారు వచ్చిండు, సర్దుకుని కూర్చో, అని పిల్లకు చెప్పడానికట. అంటే ఇన్నాళ్లుగా నేను ప్రతి పొద్దునా క్లాసు ముందు నిలబడి, నేను, నేను, నేను, అని చాటుకుంటున్నానన్నమాట! గదిలో ఉన్న ప్రతి కన్నూ నా నడుం వైపు తిరిగింది. ఆ క్షణంలో నా చేతులు ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు.

నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. మేడమ్ కళ్లు తుడుచుకుని, మరి ఈమెను పని మొదలుపెట్టమని ఎలా చెబుతారని అడిగింది. నన్ను కాదు, క్లాసును. పిల్లకు ఇంకో పక్కన కూర్చునే ధరూర్ అమ్మాయి రెండు వేళ్లతో గాలిలో గీత గీసినట్టు చూపించింది. గోపాల్‌పేట పిల్ల వెంటనే దానికి ఏదో జవాబు చెప్పింది, వెనక వరస దానికి ఇంకేదో కలిపింది, క్షణంలో క్లాసంతా చేతులతో గోల గోల. నాకు తెలియకుండా, నా ముందే, వాళ్లందరూ అవ్వ దగ్గర చూసి చూసి ఆ భాష నేర్చేసుకున్నారు. ప్రతి ఒక్కరికీ ఒక పేరుంది. పెద్దసారుకు ఏం పేరు పెట్టారని మేడమ్ అడిగితే మాత్రం, అంతవరకూ ఆడిన చేతులన్నీ ఒక్కసారిగా ఒళ్లో పడ్డాయి.

పిల్ల సీటు నిలిచింది. వెళ్లేముందు మేడమ్ ఆ మాట స్వయంగా చెప్పి, అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. నా గురించి, అధ్యాపకుడు తన అధికారాన్ని పక్కన పెట్టి విద్యార్థుల మధ్య భాష పుట్టే వాతావరణం కల్పించాడని రాసిందట. అది మెచ్చుకోలో వెక్కిరింతో నాకు ఈనాటికీ తేలలేదు. పెద్దసారు మాత్రం ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి తన గదిలో పెట్టించాడు.

ఆ తర్వాత అవ్వ రావడం మానేసింది. అవసరమేముంది? పిల్ల ఒక్కతే ఆటో దిగి, ధరూర్ అమ్మాయి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కబుర్లు చెప్పుకుంటూ వచ్చేది. అందరూ సంతోషించాం, నేనైతే ఇదే కదా మనకు కావలసింది అనుకున్నాను. కొన్నాళ్లు పోయాక ఒక మధ్యాహ్నం చూస్తే అవ్వ వరండాలో అదే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. పిల్ల తనను రావొద్దన్నదని చెప్పింది. కొంగు అంచు మడత పెడుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఇంట్ల దానితోని ముచ్చట పెట్టేదాన్ని నేనొక్కదాన్నే ఉంటి సారూ. ఇప్పుడు అది ఇంటికొచ్చి మీ క్లాసు ముచ్చట చెప్తది. గా చేతులు నాకు తెల్వవు. నవ్వుతది, ఎందుకు నవ్విందో తెల్వదు. రెండుసార్లడిగితే మొకం తిప్పుకుంటది" అంది. కొంగు వదిలేసి, "గా కొత్తయి జర నాకు గుడ నేర్పు సారూ" అంది.

పిల్లలు వెలుగుకు, దూరానికి, రంగు పలచబడటానికి, నచ్చని సినిమాకు, హాస్టలు పప్పుకు రోజుకో కొత్త సైగ కల్పించుకుంటూ పోతున్నారు. ఆ భాష అవ్వ ఒళ్లో పుట్టి, అవ్వను దాటి పోయింది. ఎవరినీ వదిలిపెట్టకూడదని అందరికీ అర్థం చెప్పినవాణ్ణి, వదిలిపెట్టింది ఎవరినో నాకప్పుడు అర్థమైంది. నేర్పడానికి నాకేమైనా వస్తే కదా? వచ్చినదల్లా నా పేరొక్కటే. ఆ మాటే చెప్పాను. అవ్వ ఆశ్చర్యపోయి, నీకు గుడ తెల్వవా, అని నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. చెయ్యి పట్టుకుని లేపి లోపలికి తీసుకుపోయాను. ఆఖరి బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మాకిద్దరికీ రాదు, నేర్పండి, అని పిల్లలను అడిగాను. రిజిస్టరు పట్టుకుని ఆ దారిన పోతున్న పెద్దసారు మమ్మల్ని చూసి, ఏదో అనబోయి, తన గదిలో పెట్టించిన వాక్యం గుర్తొచ్చిందో ఏమో, వెళ్లిపోయాడు.

గోపాల్‌పేట పిల్లే ముందు లేచి వచ్చింది. మొదట్లో కొంచెం సిగ్గుపడింది, తర్వాత టీచరులాగా గద్దించడం మొదలుపెట్టింది. రోజూ క్లాసు చివర కొంచెంసేపు మా ఇద్దరికీ పాఠం. అవ్వ చకచకా పట్టేసేది, నేను ప్రతిదీ తప్పు చేసేవాణ్ణి. (ఒకసారి పలచటి నీలం అనబోయి ధరూర్ అమ్మాయి వాళ్ల మేనమామ పేరు చెప్పానట.) ఏడాది ఆఖరున ఒక సాయంత్రం, అందరూ బొమ్మలు సర్దుకుంటుంటే, పిల్ల అవ్వ ముందు నిలబడి కొత్త చేతులతో ఏదో చాలాసేపు చెప్పింది. అవ్వ మధ్యలో ఆపి ఏదో అడిగింది, అదీ కొత్త చేతులతోనే. పిల్ల జవాబు చెప్పింది. ఉన్నట్టుండి ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి, నీళ్లు కారేంతగా నవ్వారు. నేను ఒక్క ముక్క పట్టుకోలేక, ఏమిటి అవ్వా, నాకూ చెప్పు, అని వెంటపడ్డాను. అవ్వ కళ్లొత్తుకుంటూ, "అది మా ఇంటి ముచ్చట సారూ, నీకెందుకు" అంది.

ఇప్పుడు ఆ పిల్ల నాగర్‌కర్నూల్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పుతోంది. నేను మామూ కోరుకున్నంత లావయ్యాను. కొత్త లెక్చరర్లకు శిక్షణ ఇవ్వడానికి నన్ను పిలుస్తుంటారు కూడా. అందరినీ కలుపుకుని చెప్పడమెలాగో చెప్పమని వాళ్లు పుస్తకాలు తెరుచుకుని కూర్చుంటే, నేను ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను గానీ, లోపల మాత్రం ఆ సాయంత్రం వాళ్లిద్దరూ ఎందుకు నవ్వారా అని ఆలోచిస్తుంటాను. నాకు తెలియదు. తెలియకపోవడం నాకింత హాయినిస్తుందని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.